రెండు గోడల నడుమ

ఆ పొద్దున ఆకాశం మబ్బు పట్టి, ఒక్క చినుకు రాల్చకుండా, ఆరబోసిన మక్కజొన్న గింజలను ఎత్తమంటుందో వద్దంటుందో తెలియకుండా వేలాడింది. లచ్చయ్య మక్కల మీద పట్టా కప్పాడు, తీశాడు, మళ్లీ కప్పబోతుంటే వెనకనుంచి డేవిడ్ పిలిచాడు.

"బాపూ, జర ఇటు రా. గిది కూసోదు."

డేవిడ్ తొర్రూరు ప్లంబర్. గొంతుకూర్చునే పాత బేసిన్ పీకేసి, బండి మీద తెచ్చిన తెల్ల కమోడ్‌ను బాత్రూంలో పెట్టి చూస్తున్నాడు. తుంటి విరిగి వరంగల్ దవాఖానలో ప్లేటు వేయించుకున్న లచ్చయ్య భార్య ఉప్పలమ్మ ఆ సాయంత్రమే ఇంటికి వస్తోంది. ఇక గొంతుకూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమెకు ఆపరేషన్ కంటే మంచం మీద పెట్టే గిన్నెతోనే ప్రాణం విసిగింది. నర్సమ్మ గిన్నె తెచ్చినప్పుడల్లా గోడవైపు మొహం తిప్పుకునేది. నిన్న ఫోన్లో మొగుడితో ఒకటే మాట అంది: "ఇంట్ల గూడ గా గిన్నెనే అయితే నన్ను ఈడనే ఉండనియ్యి."

లచ్చయ్య లోపలికి తొంగిచూశాడు.

"కూసో బాపు," అన్నాడు డేవిడ్.

లచ్చయ్య పంచె సర్దుకుని కూర్చున్నాడు. డేవిడ్ బయటినుంచి తలుపు మూయబోయాడు. తలుపు లచ్చయ్య మోకాళ్లకు కొట్టుకుని ఆగిపోయింది.

"ఇంకింత నూకు."

"నూకితే నీకు గూడ ప్లేటేపియ్యాలె. కొలత నువ్వే గద చెప్పినవు ఫోన్ల?"

"సరిగనే కొలిసిన."

"యాడికెల్లి కొలిసినవు?"

లచ్చయ్య పంచె దులుపుకుంటూ లేచాడు. కొలిచిననాడు బాత్రూం నిండా పత్తికట్టె, యూరియా సంచులు ఉంటే, అవన్నీ ఎవడు తీస్తాడని బయటినుంచే కొలిచాడు. గోడల మందమంతా గది కొలతలో కలిసిపోయింది.

కమోడ్‌ను పక్కకు తిప్పి చూశారు. భుజం గోడకు రాసుకుంది. మూలకు ఏటవాలుగా పెట్టారు. ఉప్పలమ్మ వాకరుకు చోటు మిగల్లేదు. ఎత్తి దించి, ఎత్తి దించి ఇద్దరి నడుములూ పట్టేశాయి. డేవిడ్ చెమట తుడుచుకుంటూ ఇంటి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"బాపు, ఎనుక రెండు గోడలెందుకున్నయి?"

వెనక తమ్ముడు కొమురయ్య ఇల్లు. ఆస్తి పాలు పంచుకున్ననాడు నడుమ ఒక్క గోడ చాలన్నారు పెద్దమనుషులు. అది ఎవరి జాగాలో లేవాలన్న దగ్గర మాట తెగలేదు. నాలుగు వేళ్ల సందు వదిలి ఎవరి గోడ వాళ్లు కట్టుకున్నారు. సందులో తాపీ దూరక, ఆ వైపు రెండు గోడలకూ పూత కూడా లేదు. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. పెళ్లిలోనో చావు దగ్గరో ఎదురుపడితే ఇద్దరూ ఫోన్లు చూసుకునేవారు.

"నీ గోడ తీసేస్తే మూరెడు దాక జాగ ఎల్తది," అన్నాడు డేవిడ్. "పైన రేకులే. బరువంత పక్క గోడల మీదున్నది. ఆళ్ల గోడనే నీకు గోడైతది."

"ఆని గోడ నాకెందుకు?"

"అయితే పెద్దమ్మకు గిన్నె కొనుక్కరా పో."

చప్పుడు విని కొమురయ్య అప్పటికే వచ్చి నిలబడ్డాడు. అన్నవైపు చూడకుండా డేవిడ్‌ను అడిగాడు.

"ఏం తమ్మీ, నా గోడ ముచ్చట పెడ్తున్నరు?"

డేవిడ్ సంగతి చెప్పాడు.

"ఆయన గోడ ఆయనిష్టం. నా గోడ మాత్రం ముట్టద్దను. అవుతల నా దేవునర్ర. రాజన్న పటం గా గోడకే ఉన్నది. దేవుని ఈపుకు దొడ్డి కడ్తరా ఎవలన్న?"

"ఆయనకు చెప్పు," అన్నాడు లచ్చయ్య. తమ్ముడు చెయ్యి చాస్తే అందేంత దగ్గరలోనే ఉన్నాడు. "దేవుడు అంతట ఉంటడు, ఆయనొక్కని గోడకే ఉండడని చెప్పు."

"గా సందు ఇడిసిపెట్టిందెవలో జర యాది చేస్కొమ్మని ఈయనకు చెప్పు."

"నేను కమోడ్ బిగియ్యనీకొచ్చిన," అన్నాడు డేవిడ్. "మీ మాటలు మోయనీకి రాలె. ఇద్దరికి చెవులు మంచిగనే ఉన్నయి గద."

కొమురయ్య గొంతు తగ్గించి మళ్లీ డేవిడ్‌నే అడిగాడు.

"వదినె నడుస్తాందా?"

డేవిడ్ లచ్చయ్యవైపు చూశాడు. లచ్చయ్య నేలవైపు చూశాడు.

"వాకరు పట్టుకోని నాలుగడుగులు," అన్నాడు. అది ఎవరికి చెప్పాడో తెలియలేదు.

కొమురయ్య వెళ్లిపోయాడు.

లచ్చయ్య బకెట్టును ఒక్క తన్ను తన్నాడు. ఉప్పలమ్మ కాపురానికి వచ్చేనాటికి తమ్ముడికి లాగు కట్టుకోవడం కూడా రాదు. దొడ్డికి కూర్చోబెట్టడం, కడగడం, లాగు తొడగడం అన్నీ ఆమే. పోయి ఆ మాట అడుగుదామా అనుకున్నాడు. ఇంటి మలుపు దాకా పోయి తిరిగొచ్చాడు. అంతలో దవాఖాన నుంచి కొడుకు జయపాల్ ఫోన్ చేశాడు.

"బాపు, ఇంకో రెండు గంటలల్ల బండెక్కుతం. అయిందా?"

"అయితాంది," అని ఫోన్ పెట్టేశాడు. కమోడ్ వాకిట్లో కోళ్ల నడుమ ఉంది.

అప్పుడు గోడ అవతల చప్పుడైంది. మేకు కదిలిస్తున్నట్టు, గీకుతున్నట్టు. తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత ఎక్కడో దూరంగా సుత్తె దెబ్బలు. డేవిడ్ గోడకు చెవి ఆనించాడు.

"గీ గోడ కాదు బాపు. అటు దిక్కున్న గోడకు కొడుతుండు పటం మేకు."

డేవిడ్ సమ్మెట చేతిలోకి తీసుకున్నాడు.

"కొడుదునా?"

లచ్చయ్య తల ఊపాడు.

గోడ కూలితే సందులోంచి ఉడత గూడు, ఒక దువ్వెన, ఒంటి చెప్పు బయటపడ్డాయి. ఆ చెప్పు దొంగతనం మీద రెండిళ్ల ఆడవాళ్లు ఒకప్పుడు వారం రోజులు తిట్టుకున్నారు. ఎదురుగా కొమురయ్య గోడ, పూత లేని ఇటుకలతో నిలబడి ఉంది. లచ్చయ్య తాపీ పట్టుకుని సిమెంటు పూయబోతే, కొమురయ్య వచ్చి వెనక నిలబడ్డాడు.

"తాపీ గట్ల పడ్తరా ఎవలన్న?" అన్నాడు డేవిడ్‌తో. తాపీ అన్న చేతిలోంచి లాక్కుని తన గోడకు తానే పూత పూశాడు. పూస్తున్నంతసేపూ ఇసుక ముతకదనీ, మాలు పలచనైందనీ గొణుగుతూనే ఉన్నాడు.

డేవిడ్ కమోడ్ బిగించేసరికి పొద్దుగూకింది, బండి వచ్చింది. ఉప్పలమ్మ దిగి మంచంవైపు పోలేదు. వాకరు ఆనించుకుంటూ నేరుగా బాత్రూం దగ్గరికి పోయింది. జయపాల్ వెంట రాబోతే మోచేత్తో అడ్డుకుంది. వాకరుతో సహా లోపలికి పోయి తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు వినబడింది. బయట నలుగురు మగవాళ్లూ నాలుగు దిక్కులు చూస్తూ నిలబడ్డారు. చాలాసేపటికి నీళ్ల చప్పుడైంది.

ఆమె బయటికొచ్చి మొగుణ్ని, మరిదిని, వాళ్ల చేతులకు అంటిన సిమెంటును చూసింది.

"పచ్చి పూత వాసనొస్తాంది," అంది. "ఇగ బువ్వ తినుర్రి."

కొమురయ్య ఇంటినుంచి కోడికూర వచ్చింది. డేవిడ్‌ను కూడా పోనివ్వలేదు. ఉప్పలమ్మ కుర్చీలో, మిగతావాళ్లు కింద కూర్చున్నారు. కొమురయ్య పళ్లెం ఖాళీ కావడం చూసి ఉప్పలమ్మ అన్నం గిన్నెవైపు చెయ్యి చూపింది. లచ్చయ్య గంటెడు అన్నం తీసి తమ్ముడి పళ్లెంలో వేశాడు. కొమురయ్య వద్దనలేదు. కూర కలుపుకుని తిన్నాడు.