రాజం పేరు మోసిన మనిషి

మా బొగ్గుబాయిల మీద రాజం అంటే ఇద్దరు. మొదటి రాజం నైజాం కాలంలో బెల్లంపల్లిలో సమ్మె నడిపి, కాంట్రాక్టరు మనుషుల చేతిలో చచ్చిపోయాడు. ఆయన పేరు పెట్టుకుంటే కొడుకులు ధైర్యవంతులవుతారని మా పెద్దవాళ్లు ఇంటికో రాజంను తయారు చేశారు. పేరు పెట్టగానే గుణం వస్తే మా వాడ నిండా సింహాలే తిరగాలి. తిరిగేది మాత్రం ఎక్కువగా తాగుబోతులే.

రెండో రాజం మా గోదావరిఖనివాడు, రెస్క్యూ రాజం. బాయిలో నీళ్లు ముంచినా, గ్యాసు కమ్మినా అందరికంటే ముందు దిగేది ఆయనే. మొన్న కప్పు కూలినప్పుడు లోపల ఇరుక్కున్న ఇద్దరు పిల్లగాళ్లను బయటికి తోసి, తాను రాలేకపోయాడు. ఇంకో ఏడాదైతే రిటైరయ్యేవాడు.

నిజానికి ఆయన రాజం కాదు, సదయ్య. నా పక్క క్వార్టరే కాబట్టి నాకు మొదటి నుంచీ తెలుసు. వాడలో పాతవాళ్లందరికీ తెలుసు గానీ ఎవరమూ పైకి అనం. అసలు నౌకరీ వచ్చింది ఆయన భార్య పోశవ్వ తమ్ముడికి. రాజం అంటే ఆ తమ్ముడే. మొదటి షిఫ్టుకు దిగి, ఆ చీకటి చూసి, గజగజ వణుకుతూ పైకి వచ్చి చస్తే మళ్లీ దిగనన్నాడు. వచ్చిన నౌకరీని ఎవరైనా కాలదన్నుకుంటారా? బామ్మర్ది పేరు మీద బావ డ్యూటీకి పోయాడు. బామ్మర్దేమో బావ పేరు పెట్టుకుని, పెద్దపల్లిలో సదయ్యగా సైకిల్ రిపేరు దుకాణం తెరిచాడు. ఇట్లా మారుపేర్ల మీద బతికిన ఇళ్లు మా దగ్గర ఒకటా రెండా!

ఇప్పుడు ఆ నౌకరీ వారసత్వంగా సదయ్య కొడుకు విష్ణువర్ధన్‌కు రావాలి. డిగ్రీ చదివి ఆటో నడుపుతున్నాడు, పెళ్లాం నెల తప్పింది. చచ్చినవాడిది మారుపేరని తేలితే నౌకరీ ఊసే ఉండదు. పక్క వాడలో అట్లా రెండు కుటుంబాలు రోడ్డున పడ్డాయి. అందుకే శవం ఇంటికి వచ్చినప్పటి నుంచి చుట్టాలు కూడా పేరెత్తకుండా ఏడుస్తున్నారు.

ఇంటి ముందు యూనియన్ నాయకుడు మైకు పట్టుకున్నాడు. "అప్పుడొక రాజం మన కోసం నెత్తురు ధారవోసిండు. ఇప్పుడు ఇంకో రాజం ప్రాణమే ఇచ్చిండు. ఆ పేర్లనే ఉన్నది తమ్మీ త్యాగం!"

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. బతికున్నన్నాళ్లు సదయ్యకు ఒక్క దండ వేయని మనిషి ఇయ్యాళ ఆయనను తీసుకుపోయి నైజాం కాలపు వీరుడి పక్కన కూర్చోబెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "జోహార్ రాజం!" అని అందరూ అరిచినప్పుడల్లా, జనం వెనకాల నిలబడ్డ పెద్దపల్లి తమ్ముడు తలవంచుకున్నాడు పాపం. బతికుండగానే తన చావు కేకలు వినడం పగవాడికి కూడా వద్దు.

పోశవ్వ నా చెయ్యి పట్టుకుంది. "జగదీశన్నా, గీళ్లంత ఎవలికోసం ఏడుస్తున్రే? మా ఆయన ఒక్కనికన్న యాదికున్నడా?"

"ఊకో చెల్లే. పిలగాని ముఖం చూడు."



శ్మశానం దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే తిరిగొస్తుందని చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పోస్టుమార్టంలో కోసి కుట్టిన శవాన్ని కూడా పిలుస్తారు, ఆశ అంత మొండిది. నాయనా అంటే ఏ నాయనో తెలియదని మా వాడలో పేరు పెట్టే పిలుస్తాం.

కంపెనీ తరఫున వచ్చిన సంక్షేమ అధికారి జయకృష్ణ పూలదండ పట్టుకుని పాడె పక్కనే నిలబడ్డాడు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు, చెడ్డవాడేం కాదు. విష్ణువర్ధన్ తండ్రి చెవి దగ్గరికి వంగాడు. "రాజం" అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి పెదవులు మాత్రం కదిలాయి. పాడె ఎత్తడానికి నలుగురూ వంగారు.

"ఆగుండ్రి!" పోశవ్వ పాడె మీద పడింది. "గట్ల పిలిస్తే ఆయన ఎట్ల పలుకుతడు?" కొడుకును పక్కకు నెట్టి, ఆ చెవిలో నోరు పెట్టి అరిచింది. "ఓ సదయ్యా!"

పెళ్లయినప్పటి నుంచి ఆమె నోట ఆ పేరు నేను వినలేదు. విష్ణుగాని నాయన అనేది, లేకపోతే మా ఆయన అనేది. డప్పులు ఆగిపోయాయి.

జయకృష్ణ నా వైపు తిరిగాడు. "సదయ్య ఎవరండీ?"

 పాతవాళ్లందరూ నేల చూపులు చూస్తున్నారు. అప్పుడు తమ్ముడు జనాన్ని తోసుకుంటూ వచ్చి పోశవ్వ పక్కన కూలబడ్డాడు.

"అక్కా, నన్నే పిలుస్తున్నవా? గీడనే ఉన్న." అధికారి వైపు చూసి చేతులు జోడించాడు. "సదయ్య అంటే నేనే సార్. ఈమె తమ్మున్ని. అక్కకు మతి తప్పింది."

యూనియన్ నాయకుడు కూడా అందుకున్నాడు. "మొగని పేరు ఏ ఆడిదన్న పిలుస్తదా సార్? తమ్మున్నే పిలిచింది."

జయకృష్ణ తలూపాడు, నిజంగానే జాలిపడ్డాడు. విష్ణువర్ధన్ నౌకరీ బతికింది.

పోశవ్వ తమ్ముడి వంక చూసింది, కొడుకు వంక చూసింది. తర్వాత మొగుడి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఒక్కసారే పిలిచింది కదా, ఇంకా రెండు పిలుపులు మిగిలి ఉన్నాయి.

"సదయ్యా!"

"ఆఁ అక్కా," అన్నాడు తమ్ముడు ఏడుస్తూ.

ఆమె అటు తిరగలేదు. శవం చెవిలోనే మెల్లగా మూడోసారి పిలిచింది. దానికీ తమ్ముడే పలికాడు. అప్పుడు పాడె ఎత్తారు.