గుర్తులేని సీసా

మార్గశీర్షమాసపు ప్రాతఃకాలమున భీమునిపట్టణమునందలి సముద్రతీరము దట్టమైన మంచుతెరలచే కప్పబడి ఆకాశమెచ్చట ముగిసెనో జలమెచ్చట మొదలయ్యెనో తెలియరాకుండెను. తరంగఘోషము వినవచ్చుచున్నను తరంగములు కానరాకుండెను. అట్టి వేళ ప్రాచీనవస్తుపరీక్షయందు ఆ ప్రాంతమంతట ప్రసిద్ధి గాంచిన దూసి భీమశంకరముగారు తమ వీధియరుగుపై కూర్చుండి ఒక నల్లని గాజుసీసాను చేతబట్టి మూడవనాడును దానినే పరీక్షించుచుండిరి.

ఆ సీసాపై పేరు లేదు. ముద్ర లేదు. చోడిపల్లి మసేను అను మత్స్యకారుడు ఆ యేటి తుపానులో తెప్పతోగూడ మునిగిపోగా వాని యింటనున్న యా సీసా తనదని వాని యన్న కొర్లయ్య వచ్చి నిలిచెను. తమ ముత్తాత తెల్లదొరల యోడలో పనిచేసి తెచ్చిన వంశపుసొత్తు గావున అది జ్యేష్ఠునకే చెందునని వాని వాదము. మసేను భార్యయైన దానమ్మ తన మగడే దానిని కొని తెచ్చెనని చెప్పెను గాని ఆమెకు సాక్షి లేడు. కులపెద్దలు ఆలోచించి సీసా ముత్తాతకాలపుదైనచో కొర్లయ్యకును కానిచో దానమ్మకును చెందునని నిశ్చయించి దాని వయస్సును తేల్చు భారమును భీమశంకరముగారికి అప్పగించిరి. పాతదే యైనచో నూరురూపాయలిచ్చి కొనుటకు విశాఖపట్టణమున నొక దొర సిద్ధముగా నుండెను.

అచ్చులో చేసిన సీసాకు ప్రక్కలయందు నిలువుగా అతుకుగీత యుండును. దీనికట్టి గీత లేదు. కావున ఇది అచ్చులెరుగని కాలమున నోటితో నూది చేసినదనియు నూరేండ్లు దాటినదనియు మొదటినాడే కొర్లయ్య యెదుట భీమశంకరముగారు పలికివేసిరి. కాని ఆ సాయంకాలము తలక్రిందు చేసి చూడగా నట్టి సీసాలను చేయువేళ అడుగున నతికించి పట్టిన యినుపకడ్డీనుండి విరిచినప్పుడు అడుగున మిగులు గరుకుమచ్చ దీనికి కానరాలేదు. ప్రక్కలు ప్రాచీనమని పలుకుచుండ అడుగు నవీనమని పలుకుచుండెను. ఇరువదియేండ్లుగా తడబాటెరుగని యాయన అన్నమునందు రుచియు శయ్యయందు నిద్రయు కోల్పోయి తమ కన్నులనే నమ్మలేని స్థితికి వచ్చిరి.

అంతలో దానమ్మ వచ్చి మెట్లక్రింద నిలిచెను.

"ఏటి తేలింది బాబూ?"

"ఏమియు తేలలేదు దానమ్మా. ఇది పాతదనుటకును కారణమున్నది. కాదనుటకును ఉన్నది."

"ఓపాలి ఇలాగియ్యండి."

ఆమె సీసాను పుచ్చుకొని కన్నులు మూసి బొటనవ్రేలితో మెల్లగా మీదినుండి క్రిందికి నిమిరెను.

"సుట్టూరా గీతలున్నాయి బాబూ. సన్నంగా, వలదారంనాగ. సేతికి తగల్తన్నాయి."

భీమశంకరముగారు సీసాను వెలుతురునకు ఏటవాలుగా పట్టి చూచిరి. వెండ్రుకకన్న సన్ననివగు వలయరేఖలు మెడ మొదలుకొని యడుగుదనుక దానిని చుట్టియుండెను. తడి యచ్చులో సీసాను గిరగిర త్రిప్పుటచే అతుకుగీత మాసిపోయి యిట్టి వలయములు మిగులుననియు ఆ పద్ధతి యేబదియేండ్లకు లోపుననే పుట్టినదనియు కాకినాడలో నొక గాజుపనివాడు ఎన్నడో చెప్పినమాట అప్పుడాయనకు స్మరణకు వచ్చెను. ముత్తాత గతించి తొంబదియేండ్లు దాటినది.

ఆ మధ్యాహ్నమే ఆయన కులపెద్దలయెదుట నిలిచి "నేను పొరబడితిని. ఇది యిటీవలిది. అర్ధరూపాయకు మించి చేయదు" అని చెప్పిరి.

"మొన్నొకమాట, నేడొకమాట. మీ సదువు ఇదేనా పంతులూ?" అని కొర్లయ్య అడిగెను. కొందరు నవ్విరి. ఆయన తలవంచుకొని సీసాను పెద్దలముందు పెట్టిరి. వారు దానిని దానమ్మచేతికిచ్చిరి.

తిరిగివచ్చు త్రోవలో ఇసుకపై ఆమెను కలిసికొని భీమశంకరముగారు "ఇంత చౌకవస్తువునకై యింత పట్టుదల యేల?" అని యడిగిరి.

"పన్నీరు సీసా బాబూ. మా పిల్ల పుట్టినప్పుడు మా ఓడు ఇశాపట్నంలో కొని తెచ్చినాడు. మొదటిపాలి మూత నానే తీసినాను."

"ఆ మాట నాకేల చెప్పవైతివి?"

"మీరు సీసానే సూసినారు. నన్నడగనేదు కదా బాబూ."

ఆయన నడక ఆగిపోయెను. గాజు పలుకని మాటను మూడుదినములు గాజునే యడిగి యెదుట నిలిచిన మనిషిని ఒక్కమారైన నడుగకపోవుట యెట్లు సంభవించెనో ఆయనకు బోధపడలేదు.

దానమ్మ బిరడా తీసి సీసాను ముక్కుకడ నుంచుకొని చాలసేపు అట్లే నిలిచెను. పిమ్మట దానిని ఆయనవైపు చాచి "ఇంకా ఉంది, సూడండి" అనెను. భీమశంకరముగారు వంగి దీర్ఘముగా పీల్చిరి. ఉప్పుగాలి తగిలెను. దాని వెనుక మరియొకటి యేదియో తగిలినట్లును తోచెను. అది గులాబియో తమ భ్రమయో నిర్ణయింపలేక ఆయన మరల వంగిరి.