మాసిపోయే వాత

నెలలు నిండకుండా పుట్టిన నూకాలు కూతుర్ని ఆస్పత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. మొగుడు రాము వేట బోటులో సముద్రం మీదున్నాడు, ఫోను అందదు. అత్త అప్పాయమ్మని ఆస్పత్రి గడప తొక్కొద్దని నూకాలే చెప్పింది. చెప్పదూ మరి! మొదటి బిడ్డకి ఊపిరాడకపోతే పసుపుకొమ్ము కాల్చి పొట్టమీద వాత పెట్టింది ఆవిడే. వాడు మర్నాటికి లేడు. అప్పట్నుంచి అత్తాకోడళ్ళకి సరిగా మాటల్లేవు. ఇప్పుడు ఆస్పత్రి బల్లమీద కూర్చున్న నూకాలుకి నా అన్నవాళ్ళు లేరు. పక్కవాళ్ళు క్యారేజీ విప్పి ఒకరికొకరు వడ్డించుకుంటుంటే ఏడుపు తన్నుకొచ్చేది.

ఆ పూట పిండిన పాలు పట్టుకుని లోపలికెళ్తే, పాప పొట్టమీద ఎర్రగా గుండ్రంగా మచ్చ. పక్కనే తీగ చివర చిన్న బిళ్ళ అంటించి ఉంది. పాము కరిచినవాడికి తాడు చూసినా భయమే కదా.

"నా బిడ్డని కాల్సేసినారు!" అంటూ బిళ్ళ పీకేసింది. మిషను గోల పెట్టింది.

నర్సు ప్రసన్నకుమారి పరుగెత్తుకొచ్చింది. "ఏటి సేసినావమ్మా! అది వాత కాదు. ఆ బిళ్ళ వెచ్చగా ఉండి, సర్మం మీంచే నెత్తుట్లో గాలి ఎంతుందో ఎప్పటికప్పుడు సెప్తాది. మాటిమాటికీ సూది గుచ్చక్కర్లేదు. ఒకేచోట ఉంటే కమిలిపోద్దని చోటు మారుస్తాం. మచ్చ రేపటికి పోద్ది."

మొదటివాడి మచ్చకి మాయడానికి వ్యవధే దొరకలేదు.

బిళ్ళ మళ్ళీ అంటించినా మిషను మీద అంకెలు కుదురుకోడానికి కాసేపు పడుతుందట. పాపేమో ఎగశ్వాస తీస్తోంది. ఆగే వీల్లేక డాక్టరు మడమకి సూది గుచ్చి రక్తం తీశాడు. పిల్లికూన కన్నా సన్నంగా ఏడ్చింది పాప. ఆ సూది తన చేత్తోనే గుచ్చినట్టు నూకాలు విలవిల్లాడిపోయింది. బిళ్ళ పీకింది బిడ్డ మీద ప్రేమ కొద్దీనే. అత్త చేసిందీ అంతే. వాడు పోయాక ఆవిడ రోజుల తరబడి అన్నం ముట్టకపోవడం నూకాలు చూసింది. చూసి కూడా చూడనట్టే ఊరుకుంది.

రక్తపరీక్ష ఫలితం ఫరవాలేదన్నాక వరండాలోకొచ్చి ఫోను చేసింది.

"అత్తా... ఏటి సేత్తన్నావ్?"

అవతల బస్సు హారను వినిపించింది.

"ఏటీ లేదే అమ్మా," అంది అప్పాయమ్మ. "ఆస్పత్రి ఎదర బస్టాపులో కూకున్నాను. రోజూ వత్తన్నాను. నువ్వు రావద్దన్నావ్ కదా, నాను లోనికి రాలేదు."