బాయిలర్ వెనక గోడ

తడి దుప్పటి నీళ్లు ఓడుతూ బరువుగా ఉంది. ఆమె రెండు కొసలూ పట్టుకుని గట్టిగా దులిపి, ఆవిరి గొట్టాల పక్కన కట్టిన తాడు మీద పరిచింది. యూనివర్సిటీ హాస్టళ్ల దుప్పట్లన్నీ చలికాలమంతా ఈ గదిలోనే ఆరుతాయి. గోడకు అవతల బాయిలర్ ఉంది. క్యాంపస్‌లో గదుల వెచ్చదనమూ, దీపాల వెలుగూ ఆ పాత ప్లాంటు నుంచే వస్తాయి. మిగిలిపోయిన వేడి ఈమె దుప్పట్లకు. ఎప్పుడూ నీళ్లలో నాని ఆమె వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. బుట్టలు మోసి మోసి నడుము ఒక పక్కకు వాలింది. అందరూ ఆమెను దుప్పట్లమ్మ అనే పిలుస్తారు.

గోడకు వీపు ఆనించి, కాళ్లు బారజాపుకుని అత్తగారు కూచుని ఉంది.

"ఆ మూల ముడత పడింది చూడు."

"మీ కళ్లకి సూదిలో దారం కనపడదు గాని, నా ముడతలు మాత్రం కనపడతాయి."

"వేరే ఏముంది చూడ్డానికి? నీ మొహం చూసి చూసి విసుగొచ్చింది."

రోజూ ఉండే భాగోతమే. నోరు విప్పితే ఇద్దరికీ క్షణం పడదు, ఒకరు లేనిదే ఇంకొకరికి ముద్ద దిగదు. ఇవాళ మాత్రం కోడలికి మాటకు మాట అందించే ఓపిక లేదు. మధ్యాహ్నం ప్లాంటు ఆపేస్తున్నారు. రోడ్డుకు అవతల అద్దాల గోడలతో కొత్తది సిద్ధమైంది. దానికి పొగ ఉండదట, మోత ఉండదట. ఇకనుంచి దుప్పట్లు మెషీన్లే ఉతికి ఆరబెడతాయట. ఆమెకు హాస్టల్లో ఊడ్చే పని ఇస్తామన్నారు, కాబట్టి తిండికి ఢోకా లేదు. ఆమె బెంగంతా ఈ సంగతి అత్తయ్యకు ఎలా చెప్పాలన్నదే.

ఆ బాయిలర్ దగ్గర పనిచేసింది ముసలావిడ కొడుకు, అంటే ఆమె భర్త. ఒకరోజు షిఫ్టు దిగి ఇంటికొచ్చి, కాస్త నడుం వాలుస్తానని పడుకుని మళ్లీ లేవలేదు. కొన్నాళ్లకు ముసలావిడ కోడలి వెంట పనికి రావడం మొదలుపెట్టింది. ఈ వయసులో మీకెందుకండీ ఈ తిప్పలు అంటే, "ఇంట్లో ఉంటే వాడు పోయినట్టుంటుంది. ఇక్కడుంటే డ్యూటీలో ఉన్నట్టుంటుంది," అంది. మతి చెడి అన్న మాట కాదు. కొడుకు పోయాడని ఆవిడకు బాగా తెలుసు. వీపుకు గోడ వెచ్చగా తగులుతూ, అవతల బాయిలర్ గుర్రుమంటుంటే ఆ కాసేపూ గుండె కుదుటపడేది. చెప్పుకోడానికి సిగ్గు గాని, కోడలికీ అంతే.

గుమ్మంలోంచి ఫోర్‌మన్ సైగ చేశాడు. పొడుగాటి మనిషి, భర్తకు నేస్తం. అందరూ పొగగొట్టం అంటారు. ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికి వెళ్లింది.

"కాసేపట్లో ఆపెయ్యమన్నారు వదినా. ఆవిడకి చెప్పావా?"

"నోరు రావట్లేదయ్యా. ఇంటికెళ్దాం రమ్మంటే కదలనంటోంది."

"రిపేరని చెప్పు. లావుపాటి ఇటుక గోడ, సాయంత్రం దాకా వేడి పోదులే."

కంట్లో నలక పడిందంటూ కళ్లు తుడుచుకుని అతను వెళ్లిపోయాడు.

మోత తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. దుప్పట్ల నుంచి నేలమీద పడే నీటి చుక్కల చప్పుడు ఆ గదిలో మొదటిసారి వినబడింది. రిపేరు అన్న మాట ఆమె నాలుక చివర సిద్ధంగా ఉంది.

ముసలావిడ కళ్లు తెరవలేదు. "వాడు డ్యూటీ దిగాడా?" అని అడిగింది.

కోడలికి అనుకున్న మాట రాలేదు. "దిగాడత్తయ్యా. చేతులు కడుక్కుంటున్నాడు."

"బాగా అలిసిపోయుంటాడు."

"అవును."

"నువ్వెళ్లి ఆరినవి మడతపెట్టుకో. నేను వాడితో వస్తాలే."

పక్కగదిలో ఆమె దుప్పటి అంచును గడ్డం కింద నొక్కిపెట్టి, ఒక్కతే మడతపెడుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తయ్యకు ముందే తెలుసు. క్యాంపసంతా అదే మాటైతే ఆవిడ చెవిన పడకుండా ఉంటుందా? కోడలు దాచడానికి పడుతున్న అవస్థ చూసి, జాలిపడి ఊరుకుంది.

తిరిగొచ్చి, "లేవండత్తయ్యా, వెళ్దాం," అని భుజం వెనక చెయ్యి వేసింది. వెచ్చగా తగిలింది. నిద్ర పట్టిందనుకుంది. ఇవాళ్టికి పడుకోనిద్దామని, చప్పుడు కాకుండా మిగిలిన దుప్పట్లు బుట్టలోకి తీసి, తాళ్లు విప్పి చుట్టింది, బకెట్లు బోర్లించింది, నేల తుడిచింది. మధ్యలో ఒకసారి చలి వేస్తుందేమోనని ఆవిడ కాళ్ల మీద దుప్పటి కూడా కప్పింది.

సాయంత్రం గదికి తాళం వెయ్యడానికి ఫోర్‌మన్ వచ్చాడు. "పెద్దమ్మా," అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. అప్పుడు కోడలు ఆవిడ ఒళ్లో ఉన్న చెయ్యి పట్టుకుంది. చల్లగా, బిగుసుకుని ఉంది. వీపు మాత్రం గోడ వేడికి ఇంకా వెచ్చగానే ఉంది. ఎప్పుడు పోయిందో ఆ వేడి తెలియనివ్వలేదు.

"నాకు చెప్పే వెళ్లిందయ్యా," అందామె నేలమీద కూలబడి. "నాకే అర్థం కాలేదు."

ఆరిన దుప్పట్లలోంచి మంచిది ఒకటి తీసి కప్పారు. ఫోర్‌మనూ, మరో ఇద్దరూ కలిసి ఆవిడను బయటికి మోసుకెళ్లారు. కోడలు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి చూసింది. గోడ మీద ముసలావిడ తల ఆనించే చోట, వెల్ల మీద గుండ్రటి నూనె మరక ఉంది. వెనక్కి వచ్చి అరచెయ్యి ఆనిస్తే, అది అప్పుడప్పుడే చల్లారుతోంది.