తాళం పడే కొన

మళ్ళీ పంచదార, రెండు చెంచాలు, ఈ విల్మాకి ఎన్నిసార్లు చెప్పినా, కాదు, చెప్పిందెక్కడ, చెప్పాలనుకుంది ఎన్నిసార్లో, ఆరు వారాలుగా నోట మాట లేని మనిషి టీలో పంచదార వద్దని ఎలా చెబుతుంది, కుడిచెయ్యి ఎవరో మరిచిపోయి వెళ్ళిన సంచిలా ఒళ్ళో పడి ఉంది, నాలుక ఉంది గాని దాని పని అది మానేసింది, లోపల మాటలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, చెంచా, పంచదార, ఆటు, పోటు, ఒక్కటీ పోలేదు, నోటిదాకా వచ్చేసరికి అ, అ, అని ఒకటే కూత, దానికి విల్మా, తాగమ్మా మర్డీనా, ఒంటికి బలం, అంటూ గడ్డం తుడుస్తుంది, తనని చూసుకోవడానికి వచ్చిన తూర్పు తీరం మనిషి, మంచిదే, చేతులు వెచ్చగా ఉంటాయి, కాని ఈ తీరం సంగతి ఆమెకేం తెలుసు, అదిగో కిటికీలోంచి కొన, నల్లగా, తడిగా, సముద్రంలోకి మెడ చాచిన కొండకొమ్ము, ఎనభై ఏడేళ్ళుగా చూస్తోంది మర్డీనా, దాని మొహంలో దయ అన్నది ఒక్కనాడూ చూడలేదు, గాలి ఎటు వీచినా దానికి కోపమే, గొర్రెలు కూడా దాని అంచుకి పోవు, కింద ఉన్న ఇసుకే, ఆ తెల్లటి మెత్తటి ఇసుకే మోసమంతా, అక్కడ ఆ ఎర్రచుక్క ఏమిటి, షోనా కోటు.

షోనాయే, మనవరాలే, దిగిపోయింది, నిజంగానే దిగిపోయింది, పొద్దున మంచం అంచున కూర్చుని ఈ తీరం మడతల పటం విప్పి, నానమ్మా, ఇదిగో, మంచి కొన అని రాసి ఉంది, పేరే ఇంత ముద్దుగా ఉంటే చోటెలా ఉంటుందో, దాని కింద ఇసుకలో గవ్వలుంటాయట కదా, నీకిష్టం కదా, డబ్బా నిండా ఏరుకొస్తా, నీ ఎడం చేత్తో ఒక్కొక్కటే తీసి లెక్కపెడుదువు గాని, డాక్టరు కూడా చెయ్యి ఆడించమన్నాడు, అంది, మర్డీనా అ, అ, అంది, సరే సరే, రెండు డబ్బాలు తెస్తాలే, ఆశపోతు ముసలమ్మా, అని నుదుటిమీద ముద్దు పెట్టుకుంది, గ్లాస్గోలో పుట్టి పెరిగిన పిల్ల, సముద్రమంటే ముందునుంచి వస్తుందనుకుంటుంది, అందరూ అలాగే అనుకుంటారు, అక్కడ అలా రాదు, ఇసుక ముందంతా పొడిగానే ఉంటుంది, కొన వెనకాల బాట పక్క పాయలోకి నీళ్ళు ముందు చేరతాయి, చప్పుడుండదు, గవ్వలేరుకునే మనిషి తల తిప్పేసరికి దారి లేదు, పైకెక్కడానికి గోడలాంటి కొండ, మామగారి తమ్ముళ్ళిద్దరూ ఎరువుకి నాచు కోయడానికి దిగారు, ఈత వచ్చినవాళ్ళు, వయసులో ఉన్నవాళ్ళు, మూడో రోజుకి ఒక్కడు దొరికాడు, దాని పేరు మంచి కొన కాదు, కానే కాదు.

ఆ పేరు రాయించింది ఎవరు మరి, ఎవరో కాదు, తనే, పెళ్ళయిన ఏడాది, దుప్పట్లు ఆరేస్తుంటే ఊళ్ళ పటాలు గీసే మనిషి వచ్చాడు, నోటుపుస్తకం, పొడుగాటి కాళ్ళు, మర్యాదస్తుడు, అదిగో ఆ కొనని మీవాళ్ళు ఏమంటారమ్మా, అని అడిగాడు, ఆ పూట ఫిన్లే ఎండ్రకాయల బుట్టలు వెయ్యడానికి పడవ మీద వెళ్ళాడు, మగవాళ్ళు నీళ్ళమీద ఉండగా ఆ కొన అసలు పేరు ఎత్తకూడదు, ఎత్తితే అది వింటుంది, అందుకని ఊరంతా దాన్ని మంచి కొన అనేవాళ్ళు, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని అత్తగారు అనేది, ఆమె గుమ్మంలో నిలబడి కళ్ళెర్ర చేసి చూస్తోంది, కొత్తకోడలు ఏం వాగుతుందో అని, మొగుడు సముద్రం మీద ఉంటే ఏ ఆడది వాగుతుంది, మంచి కొన అండీ, అంది, అతను రాసుకున్నాడు, ఓట్స్ రొట్టె పెడితే తిన్నాడు, బాగుందన్నాడు, సాయంత్రం ఫిన్లే ఒడ్డెక్కాక అసలు పేరు చెప్పి దిద్దించాలని మనసులో అనుకుంది, అనుకుంది గాని సాయంత్రానికి అతను కొండ దాటి వెళ్ళిపోయాడు, ఆ తర్వాత ఎవరూ అడగలేదు, ఇప్పుడు ఆ మాట అచ్చులో ఉంది, అచ్చులో ఉన్నదాన్ని ఎవరైనా నమ్ముతారు, షోనా నమ్మదా.

కొన పక్కన సీల్ జంతువులు పడుకునే బండ నడుం దాకా మునిగింది, పౌర్ణమి పోటు, త్వరగా ఎక్కుతుంది, బండమీది నాచు కనబడకపోతే వెనక దారి పోయినట్టే, ఇంకా కనబడుతోంది, కాస్త, చారెడు, ఇప్పుడు పిలిస్తే వస్తుంది, ఇప్పుడు ఎవరైనా పరుగెత్తి కేక వేస్తే వస్తుంది, విల్మా, ఓ విల్మా, అ, అ, ఎడం చెయ్యి లేచింది, కిటికీ వైపు చాపింది, విల్మా నవ్వి, అవునమ్మా, సముద్రం ఎంత బాగుందో ఇవాళ, అంది, కాదు, కప్పు తోసేసింది, కప్పు కిందపడి ముక్కలైంది, అయ్యో, కాలిందా తల్లీ, అని విల్మా ఒళ్ళు తుడిచింది, ముక్కలు ఏరింది, ఏరుతూ ఉంటే పోటు ఎక్కుతోంది, మళ్ళీ కిటికీ వైపు చెయ్యి, ఈసారి వేలు కూడా నిలిచింది, ఓహో, ఎండ కళ్ళలో పడుతోందా, ముందే తోచలేదు నాకు, మొద్దుని, అంటూ లేచింది, వద్దు, వద్దు, తెర లాగేసింది, పసుపుపూల తెర, సముద్రం లేదు, ఎర్రకోటు లేదు, పసుపుపూలు మాత్రమే, మర్డీనాకి ఏడుపొచ్చింది, ఆ ఏడుపు కూడా సగం మొహమే ఏడ్చింది.

అసలు పేరు, ఒక్క అసలు పేరు నోట పలికితే చాలు, ఇప్పుడు ఎత్తినా తప్పులేదు, పడవలు ఎక్కడున్నాయి ఈ ఊళ్ళో, ఫిన్లే చర్చి పక్క మట్టిలో ఉన్నాడు, ఇరవై ఏళ్ళుగా సముద్రం మీద మనవాడు ఒక్కడూ లేడు, ఎవరికోసం మూసుకుంది ఈ నోరు, పళ్ళు బిగించింది, నాలుకని లోపలినుంచి తోసింది, బురదలోంచి పడవని తోసినట్టు, రూ, వచ్చింది, రూ నా, ఇంకా తోసింది, రూ నా గ్లాషె, తాళం పడే కొన, స్పష్టంగా, గుండ్రంగా, అత్తగారు విన్నా తప్పు పట్టలేనంత చక్కగా, విల్మా చేతిలో గుడ్డ వదిలేసింది, మాట్లాడావమ్మా, దేవుడా, మాట్లాడావు, అని బుగ్గలు నిమిరి, పరుగున ఫోను తీసి ఇన్వర్నెస్‌లో ఉన్న కొడుక్కి చేసింది, టోర్మడ్, మీ అమ్మ మాట్లాడింది, మీ గేలిక్ భాష అనుకుంటా, ఇదిగో వినండి, చెవికి ఆనించింది, మర్డీనా మళ్ళీ అంది, రూ నా గ్లాషె, రూ నా గ్లాషె, కొడుకు ఏడుస్తున్నాడు, అమ్మా, ఎన్నాళ్ళకి నీ గొంతు, అదేం మాటమ్మా, నాకు అర్థం కాలేదు, పాటా, అన్నాడు, అర్థమెలా అవుతుంది, బళ్ళో ఆ భాష మాట్లాడితే బెత్తం దెబ్బలు తిన్నది తను, బిడ్డ తినకూడదని ఇంట్లో ఇంగ్లీషే పెట్టింది, ఆ ఇసుక వైపు పోతే నీళ్ళలోని గుర్రం దయ్యం పట్టుకుంటుందిరా అని మాత్రం భయపెట్టింది, పెద్దయ్యాక వాడు నవ్వుకున్నాడు, కూతురికి కూడా నవ్వుతూనే చెప్పి ఉంటాడు, షోనాని పిలవండి విల్మా, అది వింటే ఎగిరి గంతేస్తుంది, అంటున్నాడు, లేదండీ, గవ్వలకని కిందికి వెళ్ళింది, టీ వేళకి వచ్చేస్తానంది, అంటోంది విల్మా, మంచిదే, ఎండ కూడా బాగుంది, అంటున్నాడు, తెర వెనక ఏ చప్పుడూ లేదు, అక్కడ పోటుకి చప్పుడుండదు, పటాల మనిషికి మంచి పేరు చెప్పింది, కొడుక్కి గుర్రం కథ చెప్పింది, సముద్రం వినకూడదని ఆ పేరు ఇన్నేళ్ళు దాచింది, సముద్రానికి అది ఎప్పుడూ తెలుసు, తెలియకుండా పోయింది తన వాళ్ళకే.