తీగ కింద దూది

నా పేరు కుసుమ. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ వారమంతా గొడవ ఆ మూడక్షరాల కోసమే.

అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల కాలేజీలు మూతపడి నెలలైంది. ఏ రోజు బస్సు నడుస్తుందో, ఏ రోజు బంద్ అంటారో ఎవరికీ తెలియదు. మేము చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందులో ఒక ఇంటి ముందు వాటాలో ఉండేవాళ్ళం. నాన్నగారి ఉద్యోగంతో పాటు గుంటూరు నుంచి వచ్చి అప్పటికి పదమూడేళ్ళు. పనీపాటా లేక కూర్చున్న మా అన్నయ్య వీరరాఘవ ఇద్దరు స్నేహితులతో కలిసి బ్యాండు పెట్టాడు. అన్నయ్య బోంగోలు కొడతాడు, అంటే మోకాళ్ళ మధ్య పెట్టుకునే జంట చిన్న డోళ్ళు. నారాయణగూడ బాలకిషన్ లీడ్ గిటార్. అశోక్ నగర్ రామచంద్ర బేస్ గిటార్. బేస్ అంటే నాలుగే లావుపాటి తీగలతో, బొంగురు గొంతుతో పాట అడుగున నడిచే గిటార్. అది ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, ఆగిపోతే మాత్రం పాట కాళ్ళు విరిగినట్టు కూలబడుతుంది.

గొడవలు ముదిరాక రామచంద్ర వాళ్ళ నాన్న కుటుంబాన్ని బెజవాడ పంపేశాడు. గిటార్ మా ఇంట్లోనే ఉండిపోయింది. నేను ఎనిమిదేళ్ళు వీణ నేర్చుకున్నదాన్ని. తీగ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. చాప మీద బాసింపట్టు వేసుకుని, ఆ గిటార్ని వీణలాగే ఒళ్ళో పెట్టుకుని వాయించడం మొదలుపెట్టాను. మొదటి రోజు అన్నయ్య పడీ పడీ నవ్వాడు. పదో రోజున వాడే బోంగోలు తెచ్చి పక్కన కూర్చున్నాడు.

అప్పుడే బొంబాయిలో బ్యాండ్ల పోటీ అని ప్రకటన వచ్చింది. ఒక పాట టేపు మీద రికార్డు చేసి, దరఖాస్తుతో పాటు పంపాలి. ఆపి ఆపి రికార్డు చేసి అతికిస్తే చెల్లదు, మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపున వాయించాలి. పాట అయ్యాక అదే టేపులో ఎవరు ఏం వాయించారో పేర్లు చెప్పాలి. నచ్చితే బొంబాయికి పిలుస్తారు. బాలకిషన్ వాళ్ళ మేనమామ జర్మనీ నుంచి తెచ్చిన టేపు రికార్డరు ఉండనే ఉంది. బేస్ నేను వాయించాలని అనుకున్నారు. నేను ఎగిరి గంతేశాను. దరఖాస్తు చూసేదాకా.

అందులో బేస్ గిటార్ అన్నచోట రామచంద్రరావు అని రాసి ఉంది.

"ఇదేమిటి?" అన్నాను.

"జర సమజ్ చేసుకో చెల్లె," అన్నాడు బాలకిషన్. "సెలెక్ట్ అయినమనుకో, రామచంద్ర బెజవాడ నుంచి సీదా బొంబాయి వస్తడు. స్టేజి మీద ఆయన నిలవడ్తడు. నిన్ను మీ నాయిన పంపుతడా? టేపుల ఎట్లయినా మొఖం కనవడదు గద."

"నాన్నగారు పంపుతారో లేదో అది మా ఇంటి సంగతి. ఎవరు రైలెక్కుతారని కాదు కదా, ఎవరు వాయించారని అడిగారు."

అన్నయ్య వైపు చూశాను. వాడు బోంగో మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు.

ఆ రోజు సోమవారం. రికార్డు చేసి విన్నాం. నా పేరు మాట దేవుడెరుగు, అసలు నా బేసే వినపడలేదు. గదంతా ఒకటే గుయ్యిమనే మోత, దాని మీద వంటింటి అరలో ఇత్తడి గ్లాసుల గలగల. ఒక స్వరం ఎక్కడ ఆగిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో వాయించిన నాకే తెలియలేదు.

"ఏందిది? సందుల లారీ వొయినట్టున్నది," అన్నాడు బాలకిషన్. "బేస్ తీసేద్దాం. లేకుంటెనే మంచిగున్నది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "శుక్రవారం దాకా ఆగండి. బేస్ బాగా వినపడితే నా పేరు చెప్తారా?"

"ముందైతే వినవడనియ్."

"చెప్తారా, చెప్పరా?"

"సరే, చెప్త," అన్నాడు, నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే తెలిసిపోతుంది, శుక్రవారం దాకా ఏమీ జరగదని అతని ధీమా.

మర్నాటి నుంచి మా ముందు గదిలో నేను చేయని అఘాయిత్యం లేదు. బాలకిషన్ గిటార్‌కి సొంత ఆంప్లిఫయర్ ఉంది. నాకున్నది నాన్నగారి రేడియో. దాని వెనక గ్రామఫోను వైరు గుచ్చుకోవడానికి రెండు చిల్లులుంటాయి. గిటార్ వైరు అందులో గుచ్చితే బేస్ రేడియోలోంచి పలుకుతుంది. ఆ రేడియో గది మూలన బల్ల మీద ఉండేది. మూలలో ఉన్నందుకే మోత రెండింతలవుతోందని చెవి పెట్టి వింటే తెలిసింది. బల్ల మీంచి నేలకి దించి, గోడలకి దూరంగా గది మధ్యకి లాగాను. కింద పాత బొంత మడతపెట్టి వేశాను. వంటింట్లో గ్లాసులన్నీ దించి నేల మీద బట్ట పరిచి బోర్లించాను.

"వంట చెయ్యమంటావా, మానెయ్యమంటావా?" అంది అమ్మ. మా అమ్మ పేరు బుల్లెమ్మ. కోపం వస్తే గొంతు పెద్దది కాదు, గరిటె చప్పుడు పెద్దదవుతుంది. "ఇరుగుపొరుగు ఏమనుకుంటున్నారో తెలుసా? ఆ అమ్మాయి మగాళ్ళ వాయిద్యం పట్టుకుందేమిటండీ అని వెనకవాటావిడ అడిగింది."

"నువ్వేమన్నావు?"

"పప్పు మాడుతోందని లోపలికొచ్చేశాను."

మూల మోత తగ్గింది. గ్లాసులు నోరు మూశాయి. మైకుని రేడియోకి జానెడు దూరంలో పెడితే బేస్ దగ్గరికొచ్చింది. కానీ ఒక్కటి మాత్రం లొంగలేదు. గోటితో మీటితే టిక్కుమని అంచు వినపడుతుంది గానీ ఒళ్ళు లేదు. వేలి కండతో మీటితే ఒళ్ళుంది గానీ ఆగదు. ఒక స్వరం ఇంకా మూలుగుతూ ఉండగానే రెండోది దాని మీద పడుతుంది. వీణలో ఆ సాగడమే అందం, అదే నా చేతికి అలవాటు. ఇక్కడ ఆ అందమే నా కొంప ముంచుతోంది. గురువారం మధ్యాహ్నానికి వేళ్ళు బొబ్బలెక్కాయి. ఏడుపొచ్చింది. ఏడిస్తే బాలకిషన్ గెలిచినట్టవుతుందని ఏడవలేదు.

అప్పుడు వినపడింది, వాకిట్లోంచి. టుమ్. టుమ్. టుమ్. బొంగురుగా, నిండుగా, ఏ దెబ్బకా దెబ్బ విడిగా.

పరుపులు గడ్డకట్టాయని అమ్మ రామ్‌నగర్ నుంచి పీరయ్యని పిలిపించింది. దూదేకే పీరయ్య ప్రతి ఏడూ వస్తాడు. మనిషంత పొడుగు విల్లు, దానికి నరంతో చేసిన తీగ, చేతిలో చెక్క గుండు. గుండుతో తీగని కొడితే ఆ అదురుకి దూది పింజలు పింజలుగా విడిపోతుంది. చిన్నప్పటి నుంచి వింటున్న చప్పుడే. ఆ రోజే చెవిలో పడింది.

పరుగెత్తాను. "తాతా, నీ తీగ ఎందుకు మూలగదు?"

పీరయ్య విల్లు దించి నన్ను ఎగాదిగా చూశాడు. "పొద్దుగాల సంది ఆ ఇంట్ల మోత జేస్తున్నది నువ్వేనా బిడ్డా?"

"నేనే."

"మంచిగ కొడ్తున్నవ్. గని నీ తీగెకు లగాం లేదు." విల్లు చివర తీగ చెక్కని తాకేచోట తోలుముక్క ఒకటి చూపించాడు. దాన్ని వేలితో పక్కకి తోసి ఒక దెబ్బ కొట్టాడు. తీగ జుయ్యిమని సాగింది, దూది వాకిలంతా ఎగిరి తులసికోట మీద పడింది. తోలు మళ్ళీ పెట్టి కొట్టాడు. టుమ్. ఎగిరిన పింజ ఎగిరినచోటే పడింది. "ఉత్తగ మోగితే పని గాదు. కొట్టంగనే మోగాలె, మోగంగనే ఆగాలె. ఏదీ, నీది తీస్కరా."

గిటార్ తెచ్చాను. నాలుగు తీగలూ కింద ఎక్కడ కట్టి ఉన్నాయో తడిమి చూశాడు. అప్పుడే ఏకిన దూది చిటికెడు తీసి, వేళ్ళ మధ్య నులిమి, ఆ కట్టు పక్కనే తీగల కింద దూర్చాడు. "గింతనే వెట్టు. ఎక్కువ వెడితే గొంతు పిసికినట్టయితది. గిప్పుడు ఒకసారి గొట్టి సూడు."

మీటాను. ఆ స్వరం ఇప్పటికీ నాకు గుర్తే. గుండ్రంగా పుట్టి, తన పని తాను చేసుకుని, వెనక వచ్చేదానికి చోటిచ్చి తప్పుకుంది. నేను పీరయ్య కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, "దూదికా, నాకా?" అని నవ్వి మళ్ళీ విల్లందుకున్నాడు.

శుక్రవారం బంద్. రోడ్డు మీద బస్సు లేదు, రిక్షా లేదు, ఆఖరికి కూరగాయల కేక కూడా లేదు. రికార్డు చేయడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. పీరయ్య ఏకి కొత్తగా నింపిన పరుపులు తలుపులకి అడ్డంగా నిలబెట్టాను. బాలకిషన్ నారాయణగూడ నుంచి నడిచే వచ్చాడు, వస్తూనే మైకు ముందు కూర్చోబోయాడు.

"అక్కడ కాదు," అన్నాను. "ఆ గుమ్మం దగ్గర కూర్చోండి. ఒక్కటే మైకు. మీరు దగ్గరుంటే మీరొక్కరే వినపడతారు."

"లీడ్ వాయించేటోడు గుమ్మంల కూసుంటడా?"

"మొన్న గది మధ్యలో కూర్చుంటే ఏం వినపడిందో మర్చిపోయారా?"

గొణుక్కుంటూ వెళ్ళి కూర్చున్నాడు. ఒకసారి వాయించి, టేపు వెనక్కి తిప్పి విన్నాం. పాట నేల మీద నిలబడింది. బేస్ ప్రతి స్వరం విడిగా వినపడుతోంది, బోంగోలతో చెయ్యీ చెయ్యీ కలిపి నడుస్తోంది, దాని మీద బాలకిషన్ గిటార్ కూడా మునుపటికన్నా బాగా పలుకుతోంది. అతను రెండుసార్లు విన్నాడు. రేడియో దగ్గరికి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. దూది మాత్రం నా అరచెయ్యి కింద ఉంది, కనపడలేదు.

"మంచిగొచ్చింది," అన్నాడు చివరికి. "ఇగ ఫైనల్ చేద్దాం. ఆఖర్ల పేర్లు నేను చెప్త. లీడ్ బాలకిషన్, బోంగోస్ వీరరాఘవ, బేస్ రామచంద్రరావు."

"మాటిచ్చారు."

"ఇచ్చిన చెల్లె, కాదంటలేను. గని ఫారం సిరాతోని రాసేసిన. కొట్టేసి రాస్తే మంచిగుండది. నీకైతే తెలుస్తది గద నువ్వే కొట్టినవని. మాకూ తెలుస్తది. గింతకన్న ఏం గావాలె?"

అన్నయ్య నెమ్మదిగా, "పోనీలేవే, ఈసారికి సర్దుకో," అన్నాడు.

గిటార్ అక్కడ పడేసి వెళ్ళిపోవాలనిపించింది. కానీ వెళ్ళిపోతే ఏమవుతుంది? బేస్ లేకుండా పంపుతారు. నాలుగు రోజులు చచ్చీ చెడీ తెచ్చిన ఆ స్వరం ఈ గదిలోనే పోతుంది. నా పేరు ఎలాగూ లేదు, నా స్వరం కూడా ఉండదు. అది ఇంకా పెద్ద మోసం, నాకు నేనే చేసుకునేది.

"సరే, కానివ్వండి," అన్నాను.

నేను అంత తేలిగ్గా ఒప్పుకుంటే అనుమానపడాలి. నా తోడబుట్టిన అన్నయ్యకైనా ఆ అనుమానం రాలేదు.

పాట నాలుగు నిమిషాలు. ఎక్కడా తప్పు లేదు. కోపంలో నా చెయ్యి ఇంకా బాగా నడిచింది. చివర్లో బోంగోలూ నా బేసూ ఆగుతాయి, లీడ్ ఒక చుట్టు చుట్టి ఆగుతుంది, అందరూ ఆగాక అన్నిటికంటే లావు తీగ మీద నా స్వరం ఒక్కటే మోగి పాట ముగుస్తుంది. ఆ తర్వాత బాలకిషన్ మైకు దగ్గరికి వచ్చి పేర్లు చెప్పాలి. అతనేమో గుమ్మంలో ఉన్నాడు. మైకు నా మోకాలి పక్కన ఉంది.

అతను ఆ చివరి చుట్టులో కళ్ళు మూసుకుని ఉండగా, తీగల కింద దూది పట్టి లాగేశాను. చీర బొడ్లో దోపాను. లావు తీగని వేలి కండతో, ఉన్న బలమంతా పెట్టి మీటాను.

లగాం లేని తీగ. ఆ స్వరం గదంతా నిండింది, సాగింది, ఇంకా సాగింది. అది నిండుగా మోగుతూ ఉండగానే మైకు మీదకి వంగి, ఎక్కడా తడబడకుండా చెప్పాను.

"బేస్ గిటార్, కుసుమ, చిక్కడపల్లి."

నేను చెప్పడం అయ్యాక కూడా తీగ మోగుతూనే ఉంది. దాన్ని ఆపలేదు. తనంతట తాను ఆగేదాకా ఆగి, అప్పుడు చెయ్యి తీశాను. బాలకిషన్ నోరు తెరుచుకుని మైకు దాకా వచ్చాడు గానీ, టేపు తిరుగుతోందని గుర్తొచ్చి తన పేరూ, అన్నయ్య పేరూ చెప్పి ఊరుకున్నాడు. చెప్పక చస్తాడా. బేస్ పేరు అప్పటికే అయిపోయింది.

రికార్డరు ఆపాక మొదలుపెట్టాడు. "ఏంది నువ్వు జేసింది? ఆ ముక్క కత్తిరిస్త!"

"కత్తిరించండి." కుట్టుమిషను మీది కత్తెర తెచ్చి నేనే అతని చేతికిచ్చాను.

టేపు వెనక్కి తిప్పాడు. స్వరం మొదలైంది, నా పేరు వచ్చింది, స్వరం ఆగింది. మళ్ళీ తిప్పాడు. ఎక్కడ కోసినా ఒకటే. నా పేరు పోవాలంటే పాట ముగింపు సగంలో తెగిపోవాలి. మూడోసారి విని కత్తెర నేల మీద పెట్టాడు.

"ఇంకోసారి రికార్డు చేద్దాం," అన్నాడు.

"చేసుకోండి. బెజవాడ నుంచి రామచంద్రని పిలిపించుకోండి. దూది మాత్రం నా దగ్గరుంది."

"దూదేంది?"

అన్నయ్య లేచాడు. వాడే బాలకిషన్ జేబులోంచి కలం లాగి, దరఖాస్తు ముందేసుకుని, రామచంద్రరావు పేరు మీద అడ్డంగా ఒక గీత గీశాడు. ఆ వారం మొత్తంలో వాడు చేసిన మగతనం పని అదొక్కటే. పక్కన నా పేరు రాస్తుంటే బాలకిషన్ వంగి చూసి, "మంచిగ రాయి, బొంబాయోళ్ళకు సమజ్ గావాలె," అన్నాడు.

అప్పుడు తలుపుకి అడ్డంగా ఉన్న పరుపు పక్కకి జరిగింది. అమ్మ గరిటెతో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. రెండు దెబ్బలు పడతాయనే అనుకున్నాను.

"ఇందాక పేరు చెప్పింది నువ్వేనటే?" అంది.

"నేనే."

"ఇంకాస్త గట్టిగా చెప్పి ఏడవాల్సింది. వెనకవాటా దాకా వినపడలేదు."