రేగడి అన్న

కుట్టి పైకొచ్చిన జీన్స్ ప్యాంటుకు ఒంటి నిండా దారాలు వేలాడుతుంటాయి. వాటిని కత్తిరించడం నా పని. పెళ్లయి బళ్ళారి దగ్గరి కప్పగల్లు వచ్చిన కొత్తలోనే మా అత్త పక్కీరమ్మ చిన్న కత్తెర ఒకటి చేతికిచ్చి, "సుమ్నే కూచున్నప్పుడు కత్తిరిస్తా ఉండు" అంది. సుమ్నే, అంటే ఊరికే. ఊరికే కూర్చునే వేళ ఆ ఇంట్లో నాకెప్పుడూ దొరకలేదు గాని కత్తెర మాత్రం చేతిలోంచి దిగలేదు. కింద కుట్టుమిషన్లు, పైన మేము. టైలర్లకు టీ కాచేది నేను, సైజు చీటీలు సరిచూసేది నేను, సరుకు ఆలస్యమైతే బెంగళూరు పార్టీకి కన్నడంలో సర్దిచెప్పేది నేను. ఎవరైనా అడిగితే మా ఆయన మౌనేశ్, "ఆమె ఇంట్లోనే ఉంటాదప్పా, ఏం పని ల్యా" అంటాడు. ఆ మాటలో వెటకారం కూడా ఉండదు. నిజమనుకునే అంటాడు.

ఆటలోకి కూడా నన్ను అట్లాగే పిలిచాడు. చిన్ననాటి స్నేహితులతో కలిసి ఫోన్లో ఆడే ఆట అది. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఎదుటివాళ్ల కోటను ఎవరు ముందు కూలిస్తే వాళ్లు గెలిచినట్టు. వాళ్లలో తాయప్పకు ఉద్యోగం వచ్చి ఆటకు తీరిక లేకపోయింది. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ మౌనేశ్ అన్నాడు: "ఏమే హిమజా, నువ్వు సపోర్ట్ ఆడు. కష్టమేం ల్యా. నా యెనకనే ఉండి, నాకు దెబ్బ తగిలితే మాన్పల్ల. అంతే." మా అత్త పక్క నుంచి, "మొగుడు అడగతాండాడు కదా, ఆడు" అంది.

మౌనేశ్ షూటర్. షూటర్ మొదట్లో బలహీనుడు. పడిపోయిన శత్రువుల బంగారమంతా అతనికే పోవాలి, అది తిని అతను పెరగాలి. అప్పటిదాకా సపోర్ట్ వాడు పక్కనుండి వెలుగు పంపి గాయాలు మాన్పుతూ, అవసరమైతే అడ్డం పడి చావాలి. బంగారం ముట్టకూడదు. నాకిది ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. "యాడ పోయినావ్?" "నన్ను చూడకుండా ఏం చేస్తాండావ్?" "నువ్వు సచ్చినా పర్లేదు, నేను ఉండల్ల" అని ఇయర్‌ఫోన్లలో అతని గొంతు వినిపించేది. టీ అడిగే గొంతే. గెలిస్తే వాళ్లు నలుగురూ ఒకరినొకరు పొగుడుకునేవాళ్లు. ఓడితే, "సపోర్ట్ సరిగా ల్యా" అని వాళ్లలో రుద్రేశ్ అనేవాడు. మౌనేశ్ నవ్వి, "కొత్త కదప్పా, బిడు" అని నన్ను క్షమించేసేవాడు. ఆ క్షమాపణ నాకు తిట్టు కంటే ఎక్కువ గుచ్చుకునేది.

ఒకసారి అత్త నిద్రపోయిన వేళ ఒంటరిగా, ముక్కూమొహం తెలియనివాళ్లతో జతపడి ఆడుతూ, సపోర్ట్ స్థానంలోనే ఒక మంత్రగత్తెను ఎంచుకున్నాను. ఒంటి మీద కవచం లేదు, మాన్పే వెలుగు లేదు. ఉన్నదల్లా నిప్పు. ఎందుకు ఎంచుకున్నానో చెప్పలేను. ఆ పూట మిగతా అన్నిటి మీదా విసుగెందుకొచ్చిందో చెప్పలేనట్టే. ఆట మొదలవగానే మా షూటర్ వెనక దాక్కోకుండా ముందుకు పోయి ఎదుటివాళ్ల మీద నిప్పు విసిరాను. వాళ్లు తగ్గారు. మళ్లీ వస్తే మళ్లీ విసిరాను. ఇక మా షూటర్ దగ్గరికే రాలేదు వాళ్లు. అతనికి ఒక్క గాయమూ కాలేదు గనక మాన్పాల్సిన అవసరమే రాలేదు. ఆట అయిపోయాక ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్లుగా దెబ్బ తగిలాక మందు రాయడమే కాపాడటమని నాకు నేర్పారు. దెబ్బ పడకుండా ముందే ఎదురుపోవడం కూడా కాపాడటమేనని ఎవరూ చెప్పలేదు. చెప్తే వాళ్లకేం లాభం?

అదే మంత్రగత్తెను తీసుకుని మౌనేశ్ వాళ్లతో ఆడాను. గెలిచాం. అయినా ఆట ముగియకముందే అతని గొంతు మారిపోయింది. "నా కిల్లు నువ్వు తింటాండావ్, నా బంగారం నీకు పోతాంది. ఏందిది?"

"వాడు తప్పించుకుంటాండె. అందుకే కొట్టినా."

"కొట్టేదానికి నేనుండా కదా? సపోర్ట్ అంటే సపోర్ట్ చేయల్ల. నీకు చెప్పిన పని నువ్వు చెయ్."

మిగతా ముగ్గురూ వింటూనే ఉన్నారు. బళ్ళారిలో జరగబోయే పోటీకి రుద్రేశ్ తమ్ముణ్ణి తీసుకుంటామని, వాడు రాలేని రోజు నన్ను పిలుస్తామని ఆ పూట అన్నం తింటూ మౌనేశ్ చెప్పాడు. "అప్పుడైనా మాన్పే హీలర్‌గానే రావల్ల" అని జతచేశాడు. ముద్ద పళ్లెంలోనే వదిలేశాను. ఆట పోయినందుకు కాదు. గెలిపించిన పొద్దే తీసేశారే అని.

ఆ తర్వాత వేరే పేరుతో ఆడటం మొదలుపెట్టాను. రేగడి అని పెట్టుకున్నాను. మా పుట్టింటి నల్లరేగడి చేను గుర్తొచ్చి పెట్టుకున్న పేరు, అంతే. ఒకరోజు అత్త నిద్ర లేచి చూసి, "మొగుడు పిలవకుండా ఆడితే అది ఫోను పిచ్చే" అంది. నేను ఫోను కొంగు కింద పెట్టుకుని చేటలో బియ్యం పోసుకున్నాను. ఆ రోజుల్లోనే ఆటలో సహన పరిచయమైంది. బళ్ళారిలో డిగ్రీ చదివే కన్నడమ్మాయి, అమ్మాయిల టీం నడుపుతోంది. ఆ పేరుతో నేను మైకు తెరిచి మాట్లాడింది తనొక్కదానితోనే. "అక్కా, నువ్వు ముందుకు పోతే మాకు ధైర్యం వస్తాది" అంది, తడబడే తెలుగులో. నా గురించి అట్లాంటి మాట విని ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోవాలని చూశాను. గుర్తు రాలేదు.

సహన వాళ్లకు ఒకరోజు ప్రాక్టీసు ఆటకి ఒకరు తక్కువయ్యారు. నన్ను పిలిచింది. ఎదుటి టీం పేరు చూస్తే మౌనేశ్ వాళ్లది. కింద కటింగ్ టేబుల్ దగ్గర మౌనేశ్, పైన వంటింటి గుమ్మంలో నేను. తప్పుకుందామా అనుకున్నాను. కింది నుంచి అతని గొంతు వినిపించింది: "ఆడపిల్లల టీమప్పా. బిరబిర ముగించి పంపుదాం." నేను మంత్రగత్తెను ఎంచుకున్నాను.

అతను ఎప్పుడు ముందుకొస్తాడో నాకు తెలుసు. ఎంత దెబ్బకు వెనక్కి తగ్గుతాడో, ఏ మూలకు పరుగెడతాడో తెలుసు. ఆ మూలలో అతని కోసం ప్రాణాలిచ్చినదాన్ని నేనే. నిప్పు పడ్డప్పుడల్లా మెట్ల మీదుగా అరుపు పైకొచ్చేది. వాళ్ల కోట కూలేసరికి కింద మిషన్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

భోజనానికి వచ్చిన మౌనేశ్ కోపంగా లేడు. అదే నన్ను కలవరపెట్టింది. "ఆడపిల్లల టీములో ఒక మగోణ్ణి పెట్టుకున్నారే. రేగడి అంట. సపోర్టే, అయితే ఏం ఆటప్పా ఆయప్పది! సపోర్ట్ అంటే అట్లుండల్ల. నువ్వు ఆయప్ప ఆట చూసి నేర్చుకో" అన్నాడు. నేను చారు వడ్డించాను.

వంటింట్లోకి వచ్చి ఫోను చూస్తే రేగడి పేరుకు మెసేజీ ఉంది. అతనే పంపాడు, తింటూ తింటూ. "అన్నా, నమస్తే. మా టీంలోకి వస్తారా? మీరు ఎట్లంటే అట్లా ఆడుదాం. మా సపోర్ట్ వీక్." గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఒకే ఒక్క మాట టైప్ చేశాను. "రాను."

గోడ అవతల అతని ఫోను మోగింది. కాసేపటికి జవాబొచ్చింది. "పర్వాలేదన్నా. మీ ఇష్టం."

మీ ఇష్టం. ఆ రెండు మాటలూ మళ్లీ మళ్లీ చదివాను. పుట్టింటికి పోతానన్నప్పుడు, ఒంట్లో బాగాలేదన్నప్పుడు, ఈ వేళ వద్దన్నప్పుడు, ఈ ఇంట్లో నా 'వద్దు'కు ఎప్పుడూ ఒక ప్రశ్న వచ్చేది, లేదా ఒక మౌనం వచ్చేది. కారణం అడగకుండా, అలగకుండా ఒప్పుకోవడం అతనికి చేతకాదేమో అనుకుని ఇన్నేళ్లూ సరిపెట్టుకున్నాను. చేతనవును. మర్యాదగా చేతనవును. అవతల ఉన్నది మగవాడనుకుంటే చాలు.

సహనకు ఫోన్ చేసి బళ్ళారి పోటీలో మీతోనే ఆడతానని చెప్పాను. ముందు గదిలోకి వెళ్లాను. మౌనేశ్ చేయి కడుక్కుంటున్నాడు. అత్త వక్కాకు నములుతోంది.

"పోటీ రోజు రుద్రేశ్ తమ్ముడు రాడంట. నువ్వు రావల్ల, హీలర్‌గా" అన్నాడు తువ్వాలుకి చేయి తుడుచుకుంటూ.

"రాను. ఆ పొద్దు నేను సహన వాళ్ల టీంలో ఆడతాండా."

"యా సహన? ఆ ఆడపిల్లల టీమా?" నవ్వాడు. "వాళ్లకి ఆ రేగడి ఉండాడు కదే. నువ్వు పోయి ఏం చేస్తావ్?"

నేను ఫోను అతని ముందు పెట్టాను. అతను పంపిన మెసేజీ, నా జవాబు, మళ్లీ అతని మాట. అతను చదివాడు. పైనున్న పేరు చూశాడు. మళ్లీ చదివాడు. ముఖంలో రంగు మారడం చూస్తూ నిలబడ్డాను. ఈసారి గోడకు ఆనుకోలేదు.

"ఏందిరా, ఏమైంది?" అంది అత్త.

అతను ఆమెకు జవాబు చెప్పలేదు. "ఇంట్లో ఉండి నన్నే మోసం చేస్తివా? ఎవుర్ని అడిగి పోతాండావ్ ఆ టీంలోకి?" అన్నాడు.

"మిమ్మల్నే అడిగినట్టయింది" అన్నాను. "మీ ఇష్టం అన్నారు కదా. అది నాకే అన్నారు."